రంగు తేలేలోపు

ఈ బల్ల మీద ఆరు టెస్ట్ ట్యూబులున్నాయి. ఐదింటిలో నేను తూచి కలిపిన ఫాస్ఫేటు, అంటే భాస్వరం లవణం, ఉంది, తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా. ఆరోదానిలో ఎంత ఉందో నాకూ తెలియదు. పొద్దున మా విద్యార్థి కలిపి పెట్టి, చెప్పనన్నాడు. ఇప్పుడే అన్నింటిలో మాలిబ్డేటు, దాని వెంట రంగు తేల్చే రసాయనం పోశాను. ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాలే యల్లాప్రగడ సుబ్బారావు గురించి నా ప్రసంగం.

రంగు చూసి నీళ్ల గుణం చెప్పడం నల్గొండ వాళ్లకు కొత్త కాదు. ఫ్లోరైడు పరీక్ష చేసేవాళ్లు బోరు దగ్గర కూర్చుంటే చుట్టూ మూగి, చిన్న సీసాలో గులాబీ రంగు పసుపు వైపు తిరగడం చూసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిదీ ఇదే జాతి. ఈ బల్ల మీద చేస్తున్నది అదే. రక్తంలోనో మూత్రంలోనో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనం చెబుతుంది.

మన సభల్లో ఆయన గురించి కన్నీళ్లు ఎక్కువ, కెమిస్ట్రీ తక్కువ. ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువ పట్టా ఎల్ఎంఎస్ చేతిలో పెట్టడం, బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్ర పాత్రలు కడగడం, నోబెల్ రాకపోవడం... ఇవన్నీ మీరు విన్నవే. నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఒక రంగు ఆలస్యంగా రావడం.

కండ నుంచి తీసిన ద్రావణానికి ఇదే పరీక్ష చేస్తే నీలం వెంటనే తేలలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసేవారు. నేనైతే తప్పకుండా పారబోసేవాణ్ణి. ఫిస్కే, సుబ్బారావు ఆగి చూశారు. కండలో భాస్వరం విడిగా లేదు, దేన్నో పట్టుకుని ఉంది. ఆమ్లం తగిలేసరికి ఆ పట్టు కొద్దికొద్దిగా వదులుతోంది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో బయటపెట్టారు. 1929లో, కణాలకు శక్తి అందించే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. తిన్న జొన్నరొట్టె నడకగా, పరుగుగా మారే దారిలో చేతులు మారే చిల్లర ఏటీపీ.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. అంతకు చాలా ఏళ్ల ముందే స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడిపోతుంది. బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని 1931లోనే చూపించింది. కానీ ఆ సారంలో పనిచేసేది ఏమిటో తెలియదు. అది ఫోలిక్ ఆమ్లమని తేల్చి, దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేయడం సుబ్బారావు బృందం సాధించిన పని. మన ఆశా కార్యకర్త గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఇనుము పేరే మాత్రకు నిలిచింది, రెండోదాని పేరు ఎవరూ తలవరు.

అదే అణువును కాస్త మార్చితే కణం మోసపోతుంది. ఆహారమనుకుని పట్టుకుంటుంది, పెరగలేక ఆగిపోతుంది. అలా పుట్టిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు కొన్నాళ్లైనా జబ్బు అణగడం 1948లో చూపించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా రాస్తున్నారు.

ఇక బోదకాలు. నల్గొండలో ఊరూరా పంచిన డీఈసీ అనే మందు మాత్ర కూడా ఆ లెడర్లీ పరిశోధనశాలదే, 1947 నాటిది. మా ఇంట్లోనే ఒక పెద్దావిడ మూడు మాత్రలూ తీసుకుని, మింగినట్టు తల ఊపి, కొంగున ముడేసుకుంది. అడిగితే, "పక్కింటామె వేసుకుంటే జ్వరమొచ్చిందట" అంది. జ్వరం వచ్చిన మాట నిజమే. రక్తంలో తిరిగే సన్నపురుగులు చస్తున్నప్పుడు ఒళ్లు అలాగే స్పందిస్తుంది. ఒంట్లో పురుగు లేనివాళ్లకు మామూలుగా ఏమీ తెలియదు. ఆ సంగతి మాత్ర చేతిలో పెట్టేటప్పుడే చెప్పి ఉంటే ముడి పడేది కాదు. ఆ పురుగులు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి, పరీక్షకు వచ్చేవాళ్లు పొద్దుపోయాక తలుపు తడతారు. దొంగలనుకుని కుక్కల్ని వదిలిన ఇళ్లూ ఉన్నాయి.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. యాభై మూడేళ్లు.

ఐదు నిమిషాలు దాటింది. మొదటి ట్యూబు చూడండి, ఉందా లేదా అన్నట్టు లేత నీలం, ఐదోది సిరా. ఆరోది నా కంటికి మూడుకీ నాలుగుకీ మధ్యలో ఉంది. ఇక్కడి లైటు పసుపుగా ఉంది, నమ్మలేం. కిటికీ దగ్గరికి తెస్తాను, రండి. ముందు మీరు చెప్పండి, తర్వాత మా విద్యార్థిని అడుగుదాం.