సొంతంగా కట్టిన విమానం, నేలకు దిగే వేళ

శ్రోతలకు నమస్కారం. ఏళ్ల తరబడి షెడ్డులో రివెట్లు కొట్టి, ఫైబర్‌గ్లాస్ అతికించి, సొంత విమానం తయారుచేసుకునేవాళ్లు ప్రపంచంలో వేలమంది ఉన్నారు. అమెరికాలో వీళ్లకోసం 1953లోనే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఏర్పడింది. అయితే విమానం కట్టడంలో మునిగిపోయిన మనిషి ఆ ఏళ్లలో విమానం నడపడం తగ్గించేస్తాడు. తీరా రెక్కలు బిగించేసరికి చేతికి అలవాటు తప్పి ఉంటుంది. ల్యాండింగ్‌లో ఈ లోటు ఇట్టే బయటపడుతుంది.

ఇంకో చిక్కుంది. కంపెనీ విమానానికి ఏ వేగంతో దిగాలో పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ఒకే కిట్‌తో కట్టినా రెండు విమానాల బరువు ఒకేలా ఉండదు. గాలి పీడనం తీసుకునే చిన్న రంధ్రం సరైన చోట లేకపోతే వేగం చూపే మీటరే తప్పు చెబుతుంది. అందుకే ముందు బాగా ఎత్తుకు వెళ్లి, మెల్లగా వేగం తగ్గిస్తూ, రెక్కలు ఇక మోయలేమని చేతులెత్తేసే క్షణం, అంటే స్టాల్, మీటరు మీద ఎంత దగ్గర వస్తోందో రాసుకోవాలి. దానికి సుమారు 1.3 రెట్లు దిగే వేగం. 50 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) దగ్గర స్టాల్ అయితే 65 అన్నమాట.

భయంకొద్దీ ఇంకాస్త వేగం కలుపుకుంటే? వేగం 10 శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరుగుతుంది. విమానం రన్‌వేకి రెండు మూడడుగుల పైన తేలుతూ పోతుంది, దిగదు. రన్‌వే అయిపోతోందన్న టెన్షన్‌లో పైలట్, ముక్కును పైకీ కిందకీ కదిపే కర్రను, అంటే స్టిక్‌ను, ముందుకు నెడతాడు. ముక్కుచక్రం ముందు తగిలి విమానం బంతిలా ఎగిరిపడుతుంది. మళ్లీ నెడతాడు, ఇంకా ఎక్కువ ఎగురుతుంది. చివరికి ముక్కుచక్రం కాలు విరిగి, ప్రొపెల్లర్ నేలను కొడుతుంది. మొదటిసారి గట్టిగా ఎగిరినప్పుడే ఫుల్ థ్రాటిల్, అంటే ఇంజిన్‌కు పూర్తి శక్తి, ఇచ్చి పైకి లేచి మళ్లీ చుట్టు తిరిగి రావచ్చు. దాన్ని నామోషీగా భావించేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే.

ఇందులో ఎక్కువగా విరిగేది లోహం. ప్రాణం తీసేది రన్‌వే వైపు తిరిగే ఆఖరి మలుపు. మలుపులో రన్‌వే వరసను దాటిపోయానని పైలట్ విమానాన్ని బాగా పక్కకు వాలుస్తాడు, రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ తొక్కి ముక్కును లాక్కొస్తాడు. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వాలి తిరిగితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకు 41 శాతం. ఒక రెక్క ముందు పట్టు వదిలేస్తే విమానం గిర్రున తిరిగి పడుతుంది. తేరుకోవడానికి కింద ఎత్తు ఉండదు.

తోకచక్రం ఉన్న విమానాల సంగతి వేరు. బరువు ప్రధాన చక్రాలకు వెనకపడి ఉంటుంది కాబట్టి, నేలమీద దాన్ని తిన్నగా నడపడం అరచేతిలో కర్ర నిలబెట్టడమే. ముక్కు కాస్త పక్కకు తిరిగితే వెనకున్న బరువు దాన్ని మరింత తిప్పేస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. చక్రాలు తాకాయి కదా అని కాళ్లు సడలించినప్పుడే ఎక్కువగా జరుగుతుంది. విమానం పూర్తిగా ఆగేదాకా రడ్డర్ మీద కాళ్లు ఆడుతూనే ఉండాలి.

కొత్తగా కట్టిన విమానాన్ని మొదట ఎగరేసి చూసే పరీక్ష దశలో ఒంటరిగానే ఎగరాలన్న పాత పద్ధతిని అమెరికా విమానయాన సంస్థ 2014లో సడలించింది. కొన్ని షరతులకు లోబడి, అర్హత ఉన్న ఇంకో పైలట్ పక్కన కూర్చోవచ్చు. అంతకుముందే అదే రకం విమానంలో బోధకుడితో కొన్ని గంటలు దిగడం, ఎక్కడం చేసి వస్తే ఇంకా మేలు. మొదటి ల్యాండింగ్‌కు పొడవాటి రన్‌వే, గాలి లేని పొద్దు ఎంచుకుంటే సరి.