"12 కిలోలు మోస్తుంది" అని రాసి ఉన్న ట్రైపాడ్ ఎందుకు ఊగుతోంది?

(టేబుల్ మీద రెండు ట్రైపాడ్‌లు: ఒకటి సన్న కాళ్లది, ఒకటి లావు కాళ్లది.)

నమస్తే. నాకు తరచూ ఒకే రకం మెసేజ్ వస్తుంటుంది. "అన్నా, కెమెరా, లెన్స్ కలిపి 3 కిలోలు. 12 కిలోలు మోస్తుందని రాసి ఉన్న ట్రైపాడ్ కొన్నాను. అయినా 600 ఎం.ఎం. దగ్గర ఒక్క ఫొటో కూడా షార్ప్‌గా రావట్లేదు. లెన్స్ పాడైందా?"

లెన్స్ బాగానే ఉంది తమ్ముడూ. పెట్టె మీద ఉన్న ఆ అంకెతోనే వచ్చింది చిక్కంతా. దాన్ని నమ్మి ఎంతమంది మంచి లెన్స్‌ని అయినకాడికి అమ్ముకున్నారో చూస్తుంటే నాకు బాధేస్తుంది.

పెళ్లికి తాటాకు పందిరి వేస్తారు కదా. సన్న వెదురు గెడలు పాతి పైన ఆకు కప్పినా పందిరి నిలబడుతుంది, బరువూ మోస్తుంది. కానీ గాలి వీచిందంటే పందిరంతా ఊగుతుంది. మోయడం వేరు, ఊగకుండా నిలవడం వేరు. పెట్టె మీద అంకె మోయడం గురించి మాత్రమే చెబుతుంది. పైగా దాన్ని కొలవడానికి అందరూ పాటించే ఒకే పద్ధతంటూ లేదు. ఒక కంపెనీ 12 కిలోలు, ఇంకో కంపెనీ 12 కిలోలు ఒకటి కాకపోవచ్చు.

ఈ పాఠం నేను నేలపట్టు పక్షుల అభయారణ్యంలో నేర్చుకున్నాను. చెరువు కట్ట మీద నిలబడి, నీళ్లలోని చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని (పెలికాన్లని) ఫొటో తీస్తున్నాను. అప్పుడు నా దగ్గరున్నది ఇదిగో, ఈ సన్న కాళ్లదే. చిన్న గాలి. కంటికి ట్రైపాడ్ కదిలినట్టే లేదు. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే తల్లి పక్షి ముక్కు అంచు రెండు గీతలుగా కనిపించింది. పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చిన ఫొటో అది. మళ్లీ దొరకలేదు.

ఎంత కదిలితే అలా అవుతుందో లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో ఒక్కో పిక్సెల్, అంటే ఫొటోలోని ఒక్కో చుక్క, దాదాపు 6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). 600 ఎం.ఎం. లెన్స్ పెడితే, 100 మీటర్ల దూరంలో ఒక మిల్లీమీటర్ ఒక పిక్సెల్‌కి సమానం. ఇప్పుడు లెన్స్ ముందు చివర ఒక్క వెంట్రుక మందం కదిలిందనుకోండి. 40 సెంటీమీటర్ల పొడవున్న లెన్స్‌లో అది 15 పిక్సెల్స్ పైనే జరగడం. వెంట్రుక మందం కదలిక కంటికి ఎక్కడ తెలుస్తుంది?

సరే, ఊగకుండా ఉండాలంటే ఏం చూడాలి? మళ్లీ పందిరి దగ్గరికే వెళ్దాం. వెదురు లోపలంతా బోలే. అయినా లావు బొంగు వంగదు, సన్న గెడ వంగుతుంది. ట్రైపాడ్ కాలు కూడా బోలు గొట్టమే. గోడ మందం అంతే ఉంచి గొట్టాన్ని 22 మిల్లీమీటర్ల నుంచి 32కి పెంచితే, వంగకుండా నిలిచే బలం సుమారు మూడు రెట్లు అవుతుంది. బరువు మాత్రం సగం కూడా పెరగదు. అందుకే కిలోల అంకె వదిలేసి కాలి వ్యాసం అడగండి. ఇంత బరువు లెన్స్‌కి పై గొట్టం 32 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి, ఇది నా గట్టి అభిప్రాయం. కొన్ని కంపెనీలు మోడల్ నంబర్‌లోనే చెప్పేస్తాయి: లియోఫోటోలో 324 అని ఉంటే 32 మిల్లీమీటర్లు, 4 సెక్షన్లు (కాలిలో ఒకదాంట్లోకి ఒకటి దూరే ముక్కలు).

ఆ సెక్షన్ల సంగతీ చూడండి. కిందికి పోయేకొద్దీ ఒక్కోటి మూడు నాలుగు మిల్లీమీటర్లు సన్నబడుతుంది. ఐదు సెక్షన్ల ట్రైపాడ్ బ్యాగ్‌లో బాగా ఇముడుతుంది, కానీ నేలకి ఆనేది పుల్ల లాంటి ముక్క. కారులో వెళ్లేవాళ్లు మూడు సెక్షన్లది తీసుకోండి.

ఇక మధ్యలో పైకి లేచే రాడ్, సెంటర్ కాలమ్. పందిరి రాట మీద ఇంకో గెడ నిలబెట్టి, దాని చివర మూడు కిలోలు పెడతారా? కాలమ్ ఎత్తితే జరిగేది అదే. బరువు లెన్స్‌కి అసలు కాలమ్ లేనిదే మంచిది. కాళ్లు మాత్రమే తెరిచి, హెడ్ (కెమెరాని పట్టుకునే పై భాగం), కెమెరా పెట్టినప్పుడు కంటి ఎత్తుకి వస్తే చాలు.

(లావు కాళ్ల ట్రైపాడ్ మీద కెమెరా బిగిస్తూ.)

షాపులో చేయాల్సిన పరీక్ష చూపిస్తాను. కాళ్లు పూర్తిగా లాగండి. మీ కెమెరా, మీ లెన్స్ పెట్టండి, పూర్తిగా జూమ్ చేయండి. స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపేయండి. లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) పది రెట్లు పెద్దది చేసి, దూరంగా ఉన్న బోర్డు మీద ఒక అక్షరం పెట్టుకోండి. ఇప్పుడు లెన్స్ చివర వేలితో మెల్లగా తట్టండి. చూడండి, అక్షరం వణికింది, ఒక్క క్షణంలో ఆగింది. ఇదే సన్న కాళ్లదాని మీద... ఇంకా వణుకుతోంది... ఇంకా... ఇప్పుడు ఆగింది. ఎంత త్వరగా ఆగితే అంత మంచి ట్రైపాడ్. షాపువాళ్లు తొందరపెట్టినా ఈ పని మానకండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. హెడ్: పక్షులకైతే గింబల్, అంటే బరువు లెన్స్‌ని సమతూకంలో ఉంచి తేలిగ్గా అటూఇటూ తిప్పనిచ్చే హెడ్. గుండ్రటి బంతి మీద తిరిగే బాల్ హెడ్ కాస్త వదులైతే బరువు లెన్స్ ఒక్కసారిగా ముందుకి వాలిపోతుంది, మధ్యలో వేళ్లు పడితే నలుగుతాయి. ట్రైపాడ్‌కి బిగించేది లెన్స్ కాలర్‌నే (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ), కెమెరా బాడీని కాదు. కార్బన్ ఫైబర్ కాళ్లు తేలిక, వణుకూ త్వరగా ఆగుతుంది. డబ్బు సరిపోకపోతే లావు కాళ్ల అల్యూమినియం తీసుకోండి, సన్న కార్బన్ వద్దు. గాలిలో బ్యాగ్ వేలాడదీస్తే అది పందిరి తోరణంలా ఊగి ట్రైపాడ్‌నీ ఊపుతుంది, బ్యాగ్ కొస నేలకి ఆనేలా కట్టండి. మెత్తటి మట్టిలో రాట పాతినట్టు స్పైకులు దించండి.

మీ ట్రైపాడ్ పై గొట్టం ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పెట్టి కొలిచి కామెంట్లో రాయండి. లెన్స్ పేరు కూడా రాయండి, సరిపోతుందో లేదో నేను చెబుతాను.