ఆలస్యంగా అందిన పతకం: డేనియల్ ఇనోయేపై చర్చ

యాంకర్: నమస్కారం. జపాన్ సంతతి అమెరికన్ సైనికుడు, తర్వాతి కాలంలో హవాయి సెనేటర్ డేనియల్ ఇనోయే గురించి ఈరోజు మాట్లాడుకుందాం. స్టూడియోలో మనతో ఒక రిటైర్డ్ మేజర్, ఒక చరిత్ర అధ్యాపకురాలు ఉన్నారు. మేజర్ గారూ, ముందు రెండో ప్రపంచ యుద్ధంలో 1945 ఏప్రిల్ 21 నాటి సంగతి చెప్పండి.

మేజర్: ఇటలీలో సాన్ తెరెంజో దగ్గర ఒక గుట్ట. పైన మూడు జర్మన్ మెషిన్‌గన్‌లు. ఇనోయేకి అప్పటికి 20 ఏళ్లు, ప్లటూన్ నడిపిస్తున్నాడు. పొట్టలో తూటా దిగినా ఆగలేదు, రెండు గన్‌లను మట్టుబెట్టాడు. మూడో దాని మీదికి విసరబోతూ పిన్ను లాగిన గ్రెనేడ్‌తో కుడిచెయ్యి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే జర్మన్ రైఫిల్ గ్రెనేడ్ వచ్చి మోచేతికి తగిలింది.

యాంకర్: చేతిలో గ్రెనేడ్ ఉండగానే?

మేజర్: అవును. చెయ్యి వేలాడుతోంది, పిడికిలి మాత్రం బిగుసుకునే ఉంది. అది ఎప్పుడు వదులవుతుందో తెలియదు. సాయానికి వస్తున్న తనవాళ్లను దగ్గరికి రావద్దని అరిచాడు. ఎడంచేత్తో ఆ వేళ్లలోంచి గ్రెనేడ్ ఊడబెరికి విసిరాడు. ఆ తర్వాత కాలికి కూడా తూటా తగిలి పడిపోయాడు. ఇంకో మాట. అంతకుముందు ఫ్రాన్స్‌లో జేబులోని రెండు వెండి డాలర్లు తూటాను ఆపి ప్రాణం కాపాడాయి. ఈ పోరుకు కొద్దిముందే ఆ డాలర్లు పోయాయట! ఫౌజీలకు ఇలాంటి నమ్మకాలు ఎక్కువే లెండి.

యాంకర్: మేడమ్, ఇంత చేసినా అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వెంటనే రాలేదు కదా?

అధ్యాపకురాలు: రాలేదు. దాని తర్వాతి స్థాయి పతకంతో సరిపెట్టారు. ఆయన 442వ రెజిమెంట్‌లో దాదాపు అందరూ జపాన్ సంతతివాళ్లే. యుద్ధం ముగిసిన కొత్తలో అందులో మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది సడావో మునెమోరి ఒక్కడికే, అదీ చనిపోయాక. 1996లో చట్టం చేసి పాత ఫైళ్లు తిరగేయించారు. 2000 జూన్‌లో అధ్యక్షుడు క్లింటన్ 22 మందికి ఆ పతకం ఇచ్చారు, అందులో ఇనోయే ఒకరు. చాలామంది అప్పటికే పోయారు. ఆలస్యానికి జాతి వివక్ష తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

మేజర్: రికార్డులు, సాక్షులు కూడా చూస్తారు మేడమ్...

అధ్యాపకురాలు: ఒక్క కేసైతే మీ మాట ఒప్పుకునేదాన్ని. ఇరవై రెండు కేసుల్లోనూ రికార్డులదే తప్పా? పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి తర్వాత ఈ కుర్రాళ్లను శత్రుదేశస్థుల లెక్కలో వేసి సైన్యంలో చేర్చుకోలేదు. 1943లో తలుపు తెరిచి హవాయి నుంచి 1,500 మంది కావాలంటే సుమారు 10,000 మంది ముందుకొచ్చారు. డాక్టర్ అవుదామని చదువుతున్న ఇనోయే ఆ చదువు వదిలేసి చేరాడు. చెయ్యి పోగొట్టుకుని యూనిఫాంలో ఇంటికెళ్తూ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్షవరానికి వెళితే, ‘జపాన్‌వాళ్లకు మేం చెయ్యం’ అని పంపేశారు.

మేజర్: అది దారుణమే. కానీ అలాంటి అవమానాలకు ఆ రెజిమెంట్ రక్తంతో జవాబు చెప్పింది. విధేయత నిరూపించుకుంది.

అధ్యాపకురాలు: నాకు అభ్యంతరం సరిగ్గా అక్కడే. పుట్టిన దేశానికి విధేయత ఎందుకు నిరూపించుకోవాలండీ? జపాన్ సంతతి కుటుంబాలను నిర్బంధించిన హార్ట్ మౌంటెన్ క్యాంపులో 63 మంది యువకులు ‘మా కుటుంబాలను ముందు వదలండి, అప్పుడు వస్తాం’ అని డ్రాఫ్ట్‌కు, అంటే సైన్యంలో తప్పనిసరి చేరికకు, ఎదురు తిరిగి జైలుకెళ్లారు. అధ్యక్షుడు ట్రూమన్ 1947లో వాళ్లకు క్షమాభిక్ష పెట్టారు.

యాంకర్: ఇనోయే కుటుంబాన్ని కూడా క్యాంపులో పెట్టారా?

అధ్యాపకురాలు: లేదు. హవాయిలో మూకుమ్మడిగా తరలించలేదు. శిక్షణ రోజుల్లో ఇనోయే, తోటి హవాయి సైనికులు ఆర్కన్సాలోని అలాంటి రోవర్ క్యాంపుకు అతిథులుగా వెళ్తే ముళ్లకంచె, కాపలా బురుజులు కనిపించాయి. తమతో శిక్షణ పొందుతున్న ప్రధాన భూభాగం కుర్రాళ్లు అలాంటిచోటి నుంచి వచ్చారని అప్పుడే అర్థమైంది. ఆ కంచె లోపల ఉండుంటే నేను సైన్యంలో చేరేవాణ్నా అని ఇనోయే తనను తాను అడిగి చూసుకున్నారు. జవాబు చెప్పలేనన్నారు.

మేజర్: ఆయనే చెప్పలేనన్నాక ఆ 63 మందిని నేనెలా తప్పుపడతాను? పిరికివాళ్లని మాత్రం అనను.

యాంకర్: చిన్న బ్రేక్. తర్వాత సెనేటర్‌గా ఆయన రాజకీయాల గురించి.