గుంటగలగర కొనబోతే పచ్చపూల తీగ ఇచ్చారు!

నమస్కారమండీ. ఈ రెండు కుండీలు చూడండి. ఎడంపక్కది అసలైన తెల్ల గుంటగలగర, మా చేలో గట్టుమీంచి పీక్కొచ్చింది, పైసా ఖర్చు లేదు. కుడిపక్కది కడియం దగ్గర ఒక నర్సరీలో 30 రూపాయలు పెట్టి కొన్నా. "పచ్చ గుంటగలగర అండి, జుట్టుకి మంచిది" అని మరీ ఇచ్చారు. మనవైపు పచ్చంటే పసుపే కదా, పువ్వు చూసి నేనూ నమ్మేశా.

రెండూ చామంతి కుటుంబమే. పువ్వు దగ్గరగా పెడుతున్నా... తెల్లది చొక్కా గుండీ అంత కూడా లేదు, చుట్టూ దారప్పోగుల్లాంటి రేకులు. పచ్చది రూపాయి బిళ్ళంత. అందం సంగతైతే మాట్లాడుకోనక్కర్లేదు, పచ్చదే.

ఇప్పుడు అసలు పరీక్ష. తెల్లదాని ఆకులు నాలుగు అరచేతిలో నలుపుతున్నా. నూగు గరుగ్గా తగుల్తోంది. కాస్త ఆగండి... చూశారా, రసం ఎలా నల్లబడిపోతోందో! మా అమ్మమ్మ ఈ రసంలో గుడ్డ నానేసి, ఆరబెట్టి, వత్తి చేసి ఆముదంలో వెలిగించి కాటుక పట్టేది. ఇక రెండో చేతిలో పచ్చది. పది నిమిషాలైంది. ఆకుపచ్చ మరక, అంతే.

నర్సరీవాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేం. నాటు పచ్చ గుంటగలగర నిజంగానే ఉంది. తెల్లదాన్లో గొప్పగా చెప్పే వెడెలోలాక్టోన్ అనే పదార్థాన్ని 1956లో మొదట వేరుచేసింది ఆ పచ్చదాన్నుంచే. కానీ దాని ఆకు కోలగా ఉంటుంది. నాకిచ్చినదానికి చూడండి, ఆకుకి మూడు మొనలు. ఇది అమెరికా ఖండాల తీగ, వెడీలియా ట్రైలోబేటా. ప్రపంచాన్ని పీడించే 100 దురాక్రమణ జాతుల జాబితాలో దీని పేరుంది. కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. తెలీక కొబ్బరి పాదులో ఓ ముక్క గుచ్చా. వానాకాలం వెళ్ళేసరికి పాదు కనపడలేదు! పీకుతుంటే విరిగిన ముక్క మళ్ళీ లేస్తోంది.

నా మార్కులా? నర్సరీ పచ్చదానికి అందానికి ఐదుకి నాలుగు, అదీ కుండీలో ఉన్నంతవరకే. కాలవగట్టున మాత్రం పారేయకండి బాబూ. నూనెకీ, పచ్చడికీ సున్నా. తెల్లదానికి అందానికి ఒకటి. ఒక్కపూట నీళ్ళు మర్చిపోతే తల వాల్చేస్తుంది, బురదలో పుట్టింది మరి. నూనె కాయాలంటే మాత్రం ఇదే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి కాలవలకి నీళ్ళు కట్టేశాక, చెమ్మ మిగిలిన చోట వెతకండి. కలుపుమందు కొట్టిన చేలో గట్టుది ముట్టుకోకండి.