ముందు కుర్చీ, తరువాత కెమెరా
(ఛాయాగ్రహణ దినోత్సవ సభలో, కొత్తగా ఫొటోలు తీస్తున్నవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. కెమెరా చేతికి తీసుకుని ఎంతోకాలం కాని యువ మిత్రులకు అభినందనలు. డాగెర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ పద్ధతిని 1839 ఆగస్టు 19న పారిస్‌లో లోకానికి వెల్లడించారు కనుక, ఏటా ఈ రోజును ప్రపంచ ఛాయాగ్రహణ దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఇటువంటి సభలో పక్షుల గురించి, పర్వతాల గురించి, ఖరీదైన లెన్సుల గురించి మాట్లాడగలవారు చాలామంది ఉన్నారు. నేను ఒక్క పనినే ఎంచుకున్నాను. ఒక ఇంటి మనుషులందరినీ ఒకచోట చేర్చి, పదికాలాల పాటు గోడమీద నిలిచే ఫొటో తీయడం ఎలాగన్నదే ఈ ప్రసంగ విషయం. కెమెరా ఉన్నదని తెలిస్తే చాలు, సంక్రాంతికో, గృహప్రవేశానికో, తాతగారి సహస్ర చంద్ర దర్శనానికో ఈ పని మీకు తప్పక అప్పజెప్పుతారు.

నా అనుభవంలో తేలిన మాట ముందే చెబుతాను. కుటుంబ చిత్రం ఆ ఇంట్లో అందరికన్నా పెద్దవారు కూర్చునే కుర్చీ దగ్గర మొదలవుతుంది. ఆ కుర్చీని సరైన వెలుతురులో వేయగలిగితే తక్కిన మనుషులు, లెన్సు, దూరం అన్నీ దాని చుట్టూ కుదురుకుంటాయి. కొత్తవారు సాధారణంగా దీనికి తలకిందులుగా పని చేస్తారు. ఇరవై మందినీ పిలిచి ఎండలో నిలబెట్టి, అప్పుడు సంచీ తెరిచి లెన్సు వెతుక్కుంటారు. ఎనభై ఏళ్ల మామ్మగారు మన కోసం ఓపికగా కూర్చునేది కొద్ది నిమిషాలే. చంటిపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఇంట్లో ఒక కుర్రవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, వెలుతురు చూసుకుని, కెమెరా అమర్చుకుని, రెండు మూడు ఫొటోలు తీసి సరిచూసుకున్న తరువాతనే పెద్దవారిని పిలవాలి. వారు వచ్చి కూర్చున్నాక మీ దృష్టి కెమెరా మీటల మీద కాక వారి ముఖం మీద ఉండాలి.

కుర్చీ ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు మన పాత ఇళ్లే చక్కటి సమాధానం. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ అక్కడక్కడ నిలిచి ఉన్న మండువా లోగిళ్లను చూడండి. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, దాని చుట్టూ పెంకు కప్పుతో వసారా ఉంటాయి. పై నుంచి వచ్చే వెలుతురు నేలమీద, ఎదుటి గోడమీద పడి మెత్తబడి వసారాలోకి వస్తుంది. ఎండపొడ పడని వైపు, చూరుకు రెండు మూడడుగుల లోపలగా కుర్చీ వేసి, మండువా వైపు ముఖం పెట్టి కూర్చోబెడితే, కళ్ల కింద నీడలు ఉండవు, చెంపల మీద మెరుపు మరకలు ఉండవు, కంటిపాపలో మాత్రం చిన్న వెలుగుచుక్క కనిపిస్తుంది. ఆ చుక్క ఉన్న ముఖం సజీవంగా ఉంటుంది. స్టూడియోలో పెద్ద గొడుగు దీపాలతో మనం సాధించాలని చూసేది ఈ వెలుతురునే. మండువా లేకపోయినా వీధి అరుగు, పశువుల కొట్టం ముందరి పందిరి, కారు నిలిపే పోర్టికో, స్లాబు సన్‌షేడ్ కింది నీడ, ఇవన్నీ అదే సూత్రంపై పనిచేస్తాయి. తల మీద కప్పు ఉండాలి, ముఖానికి ఎదురుగా తెరిచిన ఆకాశం ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిలబెడితే సూర్యుడు నడినెత్తిన ఉండి కంటిగుంటలు నల్లబడతాయి. చెట్టు కింద నిలబెడితే ఆకుల సందుల నుంచి ఎండ మచ్చలు మచ్చలుగా ముఖాల మీద పడుతుంది.

అపార్ట్‌మెంట్లలో బాల్కనీ తలుపో, పెద్ద కిటికీయో మీకు ఆధారం. గదిలో ట్యూబులైట్లు ఆర్పివేయండి. పగటి వెలుతురుకు, దీపాల వెలుతురుకు రంగు వేరు కనుక, రెండూ కలిస్తే ముఖం ఒక చెంప ఒక రంగులో, ఇంకో చెంప ఇంకో రంగులో వస్తుంది. కిటికీ పక్కగా ఉంటే దానికి దగ్గరగా నిలబడ్డవారు తెల్లగా, దూరంగా ఉన్నవారు చీకటిగా వస్తారు. వరుసను కాస్త తిప్పి అందరూ కిటికీ వైపు చూసేటట్లు నిలబెడితే ఆ తేడా చాలావరకు పోతుంది. గోడల రంగు కూడా చూడాలి. ముదురు ఆకుపచ్చ గోడకు ఆనుకుని నిలబెడితే ఆ రంగు చెంపలకు పాకుతుంది, తరువాత కంప్యూటరులో దానిని తొలగించడం ఎంతో శ్రమ. వెలుతురు ఒక పక్క తక్కువైతే తెల్లని థర్మోకోల్ షీటును ఆ పక్కన పట్టుకోమనండి. ఒక పెళ్లి బృందం వదిలేసి వెళ్లిన షీటు ముక్కతో కూడా పని జరిగిపోతుంది.

ఇక మనుషుల అమరిక. నా దృష్టిలో ఇది వెలుతురు కన్నా పెద్ద విషయం, పుస్తకాల్లో తక్కువగా చెప్పే విషయం కూడా. పొడవు పొట్టి చూసి నిలబెట్టడం బడి పిల్లల ఫొటోకు సరిపోతుందేమో కానీ, ఇంటి ఫొటోకు చాలదు. అన్నగారు నిలబడి ఉండగా తమ్ముడు కూర్చుంటే బాగుండదు. పెద్దల్లుడిని చివరకు నెట్టి చిన్నల్లుడిని నడుమ కూర్చోబెడితే ఆ మాట పదేళ్ల తరువాత కూడా వినబడుతుంది. వియ్యాలవారు వచ్చి ఉంటే మర్యాద ఇంకా జాగ్రత్తగా పాటించాలి. ఇవన్నీ బయటివాళ్లమైన మనకు తెలియవు కనుక, ఆ ఇంటి వరసలన్నీ తెలిసిన మేనత్తగారినో, పెద్దకోడలినో ముందుగా పక్కకు పిలిచి, ఎవరు ఎవరి పక్కన ఉండాలో అడిగి తెలుసుకోండి. ఆ తరువాత మీ కంటికి నచ్చిన చిన్న మార్పులు చేయండి. తలలన్నీ ఒకే గీత మీద ఉండకుండా ఎత్తుపల్లాలుగా ఉండేటట్లు, మనిషికీ మనిషికీ నడుమ సందు లేకుండా భుజాలు కాస్త ఏటవాలుగా తిరిగేటట్లు చూస్తే చాలు. పిల్లలను ముందు చాప మీద కూర్చోబెట్టవచ్చు. చంటిబిడ్డను నానమ్మ ఒడిలో పెట్టండి, ఇద్దరూ కుదురుగా ఉంటారు.

ఒక విషయం మీ అందరినీ మనసారా కోరుతున్నాను. శుభకార్యాల్లో భర్త పోయిన పెద్దావిడ "నేనెందుకు నాయనా, మీరు దిగండి" అంటూ గుమ్మం పక్కకు తప్పుకుంటారు. వంటింట్లో పని చూస్తున్న కోడలు "మీరు కానివ్వండి, వస్తాను" అంటారు. ఫొటో అయిపోతుంది, వారిద్దరూ అందులో ఉండరు. ఇంతమంది ఆ పెద్దావిడ కడుపున పుట్టి, ఆమె చేతి అన్నం తిని పెరిగినవారైనప్పుడు ఆమె లేని చిత్రాన్ని ఆ కుటుంబ చిత్రమని ఎలా అనగలము? నడిమి కుర్చీ ఆమెదే. స్వయంగా వెళ్లి చేయి పట్టుకుని తీసుకురండి. వంటింట్లో ఉన్నవారిని అందరికన్నా ముందు పిలిచి, పొయ్యి ఆర్పించి, చీర సవరించుకునేందుకు సమయం ఇవ్వండి. కెమెరా పట్టుకున్న కొడుకో, మనవడో ఫొటోలో ఉండకుండా పోవడం కూడా తరచుగా జరుగుతుంది. స్టాండు మీద కెమెరా పెట్టి పది సెకన్ల టైమరు వాడితే ఆ లోటు తీరుతుంది.

కెమెరా ముందు కూర్చున్నవారి సౌకర్యం ఎంత ముఖ్యమో మన హైదరాబాదు చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. ఆరవ నిజాం కొలువులో ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జెనానా స్టూడియో నెలకొల్పారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు నిశ్చింతగా వచ్చి ఫొటో తీయించుకునేందుకు వీలుగా దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఆనాటి పరికరాలతో పోలిస్తే మన చేతిలోని ఫోను ఎంతో మేలు. అయినా ఎదుటివారి బెరుకును గుర్తించి, దానికి తగిన ఏర్పాటు ముందే చేయడంలో ఆయన చూపిన శ్రద్ధను మనం ఇంకా నేర్చుకోవలసే ఉన్నది.

ఇప్పుడు కెమెరా దగ్గరకు వద్దాము. కొత్తవారికి వెనుక భాగం మసకగా కనిపించే ఫొటో మీద మక్కువ ఎక్కువ. అందుకని ఎపర్చరును, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, 1.8 దగ్గర తెరిచి పెడతారు; ఈ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. సాధారణ ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సరు ఉండే) కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, పది అడుగుల దూరంలో కూర్చున్న తాతగారి కంటి మీద ఫోకస్ చేశారనుకోండి. 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మొత్తం పది అంగుళాలకు కాస్త ఎక్కువ. కుర్చీ వెనుక రెండడుగుల దూరంలో నిలబడ్డ మనవడు మసకబారిపోతాడు. అదే 8 దగ్గర పెడితే ఆ లోతు సుమారు నాలుగడుగులు అవుతుంది. తాతగారి వెనుక దాదాపు రెండున్నర అడుగులు, ముందు అడుగున్నర పైగా స్పష్టంగా వస్తాయి. దూరం జరిగేకొద్దీ ఇది ఇంకా పెరుగుతుంది. వరుసలు ఒకటికి మించితే 5.6కీ 8కీ మధ్య ఉంచి, కుర్చీల వరుసలో ఉన్నవారి కంటి మీద ఫోకస్ చేయండి. షట్టరు వేగం సెకనులో 125వ వంతు కన్నా నెమ్మదిగా ఉండకూడదు, పిల్లలు ఉంటే 250వ వంతు మంచిది. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓను, అంటే కెమెరా వెలుతురును అందుకునే స్థాయిని, 800కో 1600కో పెంచడానికి సంకోచించకండి. ఫొటోలో కొద్దిగా గరుకుతనం ఉన్నా ఎవరూ పట్టించుకోరు, కదిలిపోయిన ముఖాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

ఫోనుతో తీసేవారు చేయవలసిన మొదటి పని నాలుగడుగులు వెనక్కి వేయడం. ఫోనులోని మామూలు కెమెరా విశాలమైన కోణంతో చూస్తుంది కనుక, దగ్గరగా వెళ్లి తీస్తే అంచుల్లో ఉన్నవారి ముఖాలు పక్కకు సాగి, ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తారు. వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ పెట్టండి, అంచుల్లో ఎవరినీ ఉంచకండి. ముఖాలను సున్నితం చేసే బ్యూటీ సదుపాయం ఆపివేయండి. మామ్మగారి నుదుటి ముడతలు, తాతగారి బుగ్గల గీతలు ఆ ఇంటివారు గుర్తుపట్టి ప్రేమించే ముఖంలో భాగాలు, వాటిని చెరిపే హక్కు మనకు లేదు. వెనుక భాగాన్ని మసకపరిచే పోర్ట్రెయిట్ పద్ధతి గుంపు ఫొటోల్లో వద్దు. జడలోని మల్లెదండను, చెవి జూకాలను అది గోడలో కలిపేస్తుంది. తెల్లని పంచెలు, లాల్చీలు ఎక్కువగా ఉంటే తెరమీద ముఖాన్ని వేలితో తాకి, వెలుగును కొద్దిగా తగ్గించండి. పంచె మడతలు కనిపిస్తున్నంతవరకు తగ్గిస్తే చాలు. నేరుగా ఫ్లాష్ కొడితే కంచిపట్టు జరీ అంచులు, కళ్లద్దాలు తళుక్కుమని ముఖాలను మింగేస్తాయి. కళ్లద్దాల్లో వెలుతురు మెరుస్తుంటే వాటి కాడలను చెవుల మీద కొద్దిగా పైకి జరపమనండి. ఎండలో నల్లబడే అద్దాలు పెట్టుకున్నవారిని ఎండలో తిరగనివ్వకుండా నీడలోనే ఉంచి తీయాలి.

"నవ్వండి" అని అనకండి. ఆ మాటకు మనిషి పెదవులు సాగదీస్తారు, కళ్లు నవ్వవు. నేను అందరినీ కూర్చోబెట్టిన తరువాత, ఒడిలోని పిల్లవాణ్ణి చూపించి, "మామ్మగారూ, వీడిది ఎవరి పోలికండీ?" అని అడుగుతాను. ఆవిడ ఇంకా నోరు తెరవకముందే వెనుక వరుసలోంచి ఒకరు "అచ్చం మా నాన్న" అంటారు, అవతలి పక్కవారు "ఆ ముక్కు మా వాళ్లదే" అంటారు, ఆవిడ ఇద్దరినీ కాదని చనిపోయిన తమ అన్నగారి పేరు చెబుతారు. ఆ కొద్ది క్షణాల్లో అందరూ ఒకరినొకరు చూసుకుంటారు, అందరి ముఖాల్లోనూ మాట ఉంటుంది. షట్టరు అప్పుడు నొక్కాలి, ఆపకుండా వరుసగా నొక్కాలి. తరువాత అందరూ కెమెరా వైపు చూస్తున్న పద్ధతైన ఫొటో కూడా తీయండి, గోడకు సాధారణంగా అదే కావాలంటారు. రెప్పలు మూసినవారు ఎవరో ఒకరు ఉంటారు కనుక, అందరినీ కళ్లు మూసుకోమని, "మూడు" అనగానే తెరవమని చెబితే చాలావరకు పని తీరుతుంది.

ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదని, ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారితో వాదించకండి. నాలుగో మనిషిగా ఒక పిల్లను చేర్చండి, ఫొటో వస్తుంది, వారి మనసూ నొచ్చుకోదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండిపోయిన కొడుకును తరువాత ఫొటోలో అతికించమని అడగడం కూడా ఇప్పుడు సర్వసాధారణమైంది. అటువంటప్పుడు వరుసలో ఒక మనిషి పట్టే చోటు ముందే వదలండి. వెలుతురు ఏ వైపు నుంచి వచ్చిందో, కెమెరా ఎంత ఎత్తులో ఉన్నదో రాసుకుని, అక్కడ ఉన్నవారిని అదే విధంగా ఫొటో తీయించుకుని పంపమని చెప్పండి.

గుంపు ఫొటో అయ్యాక ఎవరూ అడగకపోయినా మీరు చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. పెద్దవారు ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే, తక్కినవారిని పక్కకు పంపి, వారిని ఒంటరిగానూ, దంపతులైతే జంటగానూ దగ్గర నుంచి ఫొటో తీయండి. కారణం మనందరికీ తెలుసు. పెద్దవారు పోయిన రోజున పటం కట్టించడానికి ఆ ఇంటివారు స్టూడియోకు తెచ్చేది, చాలాసార్లు, ఏ పెళ్లిలోనో మూడో వరుసలో తీసిన బియ్యపుగింజంత ముఖం. దానిని పెద్దది చేయించి, మెడకు లేని కండువా, నుదుట లేని బొట్టు కంప్యూటరులో పెట్టించి గోడకు తగిలిస్తారు. పిల్లలకు ఆ ముఖం తమ తాతగారిదిగా అనిపించదు. గుంపు ఫొటో తీసిన రోజున మీరు వెచ్చించే ఐదు నిమిషాలు ఈ లోటు రాకుండా చూస్తాయి.

తీసిన ఫొటోను కాగితం మీద వేయించేదాకా పని పూర్తి కాలేదని భావించండి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 8 అంగుళాలకు 12 అంగుళాల ప్రింటుకు సుమారు 86 లక్షల పిక్సెళ్లు, అంటే 8.6 మెగాపిక్సెళ్లు కావాలి. మంచి ఫోను ఏదైనా దీనిని ఇవ్వగలదు. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది కనుక, ప్రింటింగ్ ల్యాబుకు డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవులో ఇవ్వండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ ఫొటోకూ మధ్య అట్ట మౌంటు పెట్టించండి. మన తేమకు ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది, అతుక్కున్నదానిని లాగితే ముఖమే ఊడి వస్తుంది. వానకాలంలో చెమర్చే గోడకు, నేరుగా ఎండ పడే గోడకు తగిలించవద్దని ఇంటివారికి చెప్పండి. ఫ్రేము మూయకముందు వెనుక అట్ట మీద మెత్తని పెన్సిలుతో తేదీ, ఊరు, ఎడమ నుంచి కుడికి ప్రతి ఒక్కరి పేరూ, వరసా రాయండి. ఫొటో వెనుకనే రాసేటట్లయితే, బాల్‌పెన్ను అచ్చు ముందుకు పొడుచుకు వస్తుంది కనుక అక్కడా పెన్సిలే వాడాలి. ఇంటిపేరు మారిన ఆడపడుచుల పుట్టింటి పేరు కూడా పక్కన చేర్చండి. పేర్లు మీకు తెలియకపోతే ఆ నడిమి కుర్చీలో కూర్చున్నవారినే అడిగి రాయించుకోండి.