బూడిదకూ టికెట్టే: బొగ్గు రైలు ఛార్జీల లెక్క

సభకు నమస్కారం.

కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు ఛార్జీ చూసి విసుక్కున్నవారు ఈ సభలోనూ ఉండే ఉంటారు. ఆ ఇంధన వ్యయంలో బొగ్గు ధర ఎంతో, గనికి దూరంగా ఉన్న కేంద్రాలకు దాన్ని చేరవేసే రైలు ఛార్జీ కూడా అంతటి బరువైన పద్దే.

రైల్వే శాఖ సరకులను తరగతులుగా విభజించి, 100వ తరగతి రేటును ప్రమాణంగా పెట్టుకుంటుంది. బొగ్గు స్థానం అంతకంటే పై తరగతిలో. దూరం పెరిగేకొద్దీ ఒక టన్నును ఒక కిలోమీటరు మోసే రేటు తగ్గుతుంది. 2016 ఆగస్టులో వంద కిలోమీటర్లు దాటిన బొగ్గు మీద ఎక్కించే చోట టన్నుకు 55 రూపాయలు, దించే చోట మరో 55 రూపాయలు సర్‌ఛార్జీ వేశారు. దూరంతో పెరగని రుసుం కనుక దాని భారం దగ్గరి ప్రయాణం మీదే ఎక్కువ పడింది.

అసలు చిక్కు వేరే ఉంది. 2012 జనవరి 1 నుంచి బొగ్గు ధరను దాని ఉష్ణ విలువను, అంటే మండితే వచ్చే వేడిని బట్టి కడుతున్నారు. రైలు ఛార్జీని మాత్రం బరువును బట్టే వసూలు చేస్తున్నారు. మన థర్మల్ కేంద్రాలకు చేరే దేశీయ బొగ్గులో సాధారణంగా మూడో వంతుకు పైగా బూడిదే. 58 వ్యాగన్ల రేకులో, అంటే ఒక పూర్తి గూడ్సు రైలులో, సుమారు నాలుగు వేల టన్నులు పడతాయి; బూడిద 40 శాతం ఉందనుకుంటే, అందులో 23 వ్యాగన్లు మండని మట్టిని మోస్తున్నట్టే లెక్క. దానికీ పూర్తి ఛార్జీ చెల్లించి తెచ్చుకుని, ఆపైన చెరువు తవ్వి అందులో పోసుకుంటున్నాం.

వెయ్యి కిలోమీటర్లకు మించి వెళ్లే బొగ్గులో బూడిద 34 శాతం దాటరాదని కేంద్ర పర్యావరణ శాఖ 1997లో నిబంధన తెచ్చింది. 2014లో ఆ దూరాన్ని దశలవారీగా 500 కిలోమీటర్లకు కుదించింది. 2020 మే నెలలో నిబంధననే ఎత్తివేసింది. బూడిద తగ్గించడానికి బొగ్గును కడిగితే ఖర్చుతో పాటు తీసేసిన రాళ్లలో కొంత ఇంధనమూ పోతుందన్న వాదన నిజమే. కానీ కడగడానికయ్యే ఖర్చును దానివల్ల ఆదా అయ్యే రైలు ఛార్జీతో పోల్చి, దూరాన్ని బట్టి తేల్చవలసిన విషయమది. అన్ని దూరాలకూ ఒకే జవాబు ఉండదు.

రామగుండం ఎన్టీపీసీకి ఈ బాధ తక్కువ. సింగరేణి గనుల నుంచి దాని సొంత మెర్రీ గో రౌండ్ లైను మీదే, అంటే గనికీ కేంద్రానికీ మధ్య తిరిగే రైళ్ల సొంత పట్టాల మీదే, బొగ్గు వస్తుంది. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు మీద ఆధారపడిన సింహాద్రి విద్యుత్ కేంద్రానికి, గనులకు దూరంగా ముద్దనూరు దగ్గరున్న రాయలసీమ కేంద్రానికి ఆ వెసులుబాటు లేదు.

ప్రయాణికుల టికెట్లలో వచ్చే నష్టాన్ని రైల్వేలు సరకు రవాణా రాబడితో పూడ్చుకుంటాయన్నది దాపరికమేమీ కాదు. ఆ భారం బొగ్గు మీదే ఎక్కువగా పడటానికి కారణం, అంత పెద్ద మొత్తంలో ఉన్న సరకుకు వేరే దారి లేకపోవడమే. అమెరికాలోనూ ఒకే రైలు కంపెనీ మీద ఆధారపడే విద్యుత్ సంస్థలున్నాయి. అక్కడ 1980 నాటి స్టాగర్స్ చట్టం రేట్లకు చాలావరకు స్వేచ్ఛ ఇచ్చినా, పోటీ లేని చోట రాబడి చర వ్యయంలో (రవాణా పరిమాణాన్ని బట్టి మారే ఖర్చులో) 180 శాతం దాటితే రేటు సమంజసమా అని నియంత్రణ సంస్థ ముందు అడిగే వీలు ఉంచింది. మన దగ్గర ఛార్జీల మీద ఫిర్యాదులు వినడానికి చెన్నైలో రైల్వే రేట్స్ ట్రిబ్యునల్ ఉండేది; 2017లో దాన్ని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కలిపేశారు. అయితే 1989 రైల్వే చట్టంలోని 37వ సెక్షను సరకుల తరగతి నిర్ణయాన్ని ట్రిబ్యునల్ పరిధి నుంచి తప్పించింది. బొగ్గును ఏ తరగతిలో పెట్టాలో తేల్చేది, ఆ తరగతి మీద రాబడి అందుకునేది ఒకే శాఖ.