తొందర నాది, ఒళ్ళు దానిది

అందరికీ నమస్కారం. భయపడే పిల్లికి హార్నెస్, అంటే బయట తిప్పేటప్పుడు తాడు కట్టడానికి ఛాతీకీ వీపుకీ తొడిగే పట్టీ, ఎలా అలవాటు చేయాలో చెప్పమన్నారు. ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను.

మా చిట్టి ఒట్టి పిరికిది. కుక్కర్ విజిల్ వేసినా మంచం కిందికి పోతుంది. అలాంటిదానికి, ప్యాకెట్ విప్పిన పది నిమిషాల్లోనే హార్నెస్ తొడిగేశాను. కొయ్యబారిపోయి, మెల్లగా పక్కకు ఒరిగిపోయింది. కాళ్ళు పడిపోయాయేమోనని నాకు ఒకటే టెన్షన్. విప్పగానే బీరువా కింద దూరింది. రాత్రి పదింటికి గానీ బయటికి రాలేదు.

అది మొండితనం కాదండీ. వీపునీ ఛాతీనీ ఏదైనా పట్టి ఉంచితే చాలా పిల్లులు అలాగే బిగుసుకుపోతాయి, లేదా పొట్ట నేలకు ఆనించి పాకుతాయి. దాన్ని వీడియో తీసి స్టేటస్ పెట్టి నవ్వుకునేవాళ్ళున్నారు. నాకైతే నచ్చదు.

మెడపట్టీ చాలదా అంటారు. చాలదు. పిల్లి మెడ కింది కాలర్ బోన్ ఎముకలు మనకున్నట్టు భుజానికి అతుక్కుని ఉండవు, కండల్లో వదులుగా ఉంటాయి. తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా జారిపోతుంది. పైగా మెడపట్టీకి తాడు కట్టి లాగితే గొంతు నొక్కుకుంటుంది.

సరే, రెండోసారి సంగతి. ఓ వారం హార్నెస్ దాని కంట పడనివ్వలేదు. తర్వాత అది పడుకునే దుప్పటి మీద పడేసి ఊరుకున్నాను. మూడో రోజు వాసన చూసింది. ఐదో రోజు దానిమీదే ముడుచుకుని పడుకుంది. ఆ తర్వాత మెడ దగ్గరి పట్టీని చేత్తో గుండ్రంగా పట్టుకుని, అవతల చికెన్ ముక్క పెట్టాను. తల తనే దూర్చింది. మళ్ళీ చెబుతున్నా, నేను తొడగలేదు, తనే దూర్చింది.

చికెన్ అంటే ఉప్పూ కారం లేకుండా ఉడికించి, గోరంత ముక్కలు చేసింది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు. బిస్కెట్లతో లాభం లేదు, పిల్లి నాలుకకు తీపి తెలియదు. భోజనానికి ముందు, ఆకలి మీదున్నప్పుడు, రెండు నిమిషాలు చాలు.

అసలు శత్రువు హార్నెస్‌ని బిగించే వెల్క్రో, అదే అతుక్కునే పట్టీ. ఆ చర్రుమనే చప్పుడు మనకే చిరాకు. మనకు 20 వేల హెర్ట్జ్ దాకానే వినిపిస్తే పిల్లికి 60 వేలు దాటి వినిపిస్తుంది. అందుకని పక్క గదిలో తలుపు వేసుకుని నేను వెల్క్రో పీకుతూ ఉంటే, ఇవతల మావారు చప్పుడు చప్పుడుకీ ఓ ముక్క పెట్టేవారు. రోజుకో అడుగు దగ్గరికి వచ్చాను. ఇంట్లో పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

తొడిగాక ఒక వేలు దూరేంత వదులుండాలి. ఎక్కువ వదులైతే వెనక్కి నడిచి జారుకుంటుంది. వేసిన వెంటనే తాడుతో ఆడించండి, ఒంటి మీదున్నది మరిచిపోతుంది. చెవులు వెనక్కి వాలినా, తోక నేలకేసి కొడుతున్నా ఆ రోజుకు ఆపేయండి. తొడిగి వదిలేసి వేరే గదిలోకి వెళ్ళకండి, ఎక్కడైనా తగులుకుంటుంది.

బయటికి తీసుకెళ్ళేముందు టీకాలు వేయించండి. గోమార్లకు కుక్కల మందు మాత్రం పిల్లికి పూయకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఇక ఎండ. కాలుగాలిన పిల్లి అన్న మాట మనవాళ్ళు ఊరికే అనలేదు. మే నెల మధ్యాహ్నం డాబా మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి, తెలుస్తుంది.

మాకు రెండు నెలలు పట్టింది. కొన్ని పిల్లులు ఎన్నాళ్ళైనా ఒప్పుకోవు. వాటికి కిటికీకి జాలీ బిగించి, పక్కనే ఓ స్టూలు వేయండి, చాలు. చిట్టి కూడా ఇప్పటికీ మెట్ల దాకానే వస్తుంది. అక్కడ కూర్చుని పావురాలను చూసి వెనక్కి తిరుగుతుంది.

దాని హార్నెస్ తెచ్చాను, చేతులు మార్చుకుంటూ చూడండి. కాస్త చికెన్ వాసన వస్తుంది, ఏమీ అనుకోకండి.